అడుగు గిన్నె

భూపాలపల్లి దవాఖానలో ఒక పెన్‌డ్రైవ్‌ను చాయ్‌లోకి అల్లం దంచే బండతో చితక్కొట్టిన రోజున, నాకు పిచ్చిలేచిందని అక్కడి స్టాఫంతా అనుకున్నారు. అనుకోరా మరి, నేను బాదిన బాదుడుకి రిసెప్షన్ బల్ల మీది అద్దం కూడా రెండు చెక్కలైంది.

అప్పట్లో నేను ఒక డాక్టర్ గారి దగ్గర పనిచేసేదాన్ని. ఆయనకు జనగామలో, జనం మానుకోట అని పిలిచే మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో దవాఖానలుండేవి. మూడింటి కంప్యూటర్లూ నా నెత్తి మీదే. నేను జనగామలో కూర్చునేదాన్ని, మిగతా రెండూళ్ళకూ బస్సుల్లో, రైళ్ళలో తిరిగేదాన్ని. భూపాలపల్లిలో ఎక్స్‌రే తీసే అతను ఉద్యమ ధూంధాం పాటలు ఎక్కించుకొచ్చిన పెన్‌డ్రైవ్‌ను దవాఖాన కంప్యూటర్‌కు పెట్టేవాడు. పాటలతో పాటు వైరస్ కూడా వచ్చేది. వద్దని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. మూడోసారి నా కంటపడగానే ఆ బండ అందుకున్నాను.

“అక్కా! గండ్ల మా పెండ్లి ఫోటోలు గూడ ఉన్నయే!” అని అతను నెత్తి పట్టుకున్నాడు.

“మరి గీ కంప్యూటర్ల ఎందరి పానాలున్నయో గవి నీకు కనవడయా?” అన్నాను. ఎవరికి ఏ మందు పడదు, ఎవరిది ఏ రక్తం, ఎవరి కడుపులో ఏ ఆపరేషన్ జరిగింది, అంతా ఆ పెట్టెల్లోనే ఉండేది. కాగితాలు మానేసి చాలా కాలమైంది.

తెలంగాణ రాష్ట్రం ఇస్తామని చెప్పి, బిల్లు మాత్రం బయటికి తీయని రోజులవి. వారం తిరక్కుండా ఎక్కడో ఒకచోట బంద్. ఏ ఊళ్ళో దిగినా టైర్లు కాలిన వాసన. ఊరేగింపులో నేనూ నడిచాను. హన్మకొండలో పోలీసులు కొట్టిన దెబ్బకు నా ఎడమ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేను. చలికాలం వస్తే ఆ ఎముక నన్ను పేరు పెట్టి పిలుస్తుంది.

ఆ రోజుల్లోనే హైదరాబాదులో పనిచేసే నా స్నేహితురాలు ఫోన్ చేసి, కొత్త రకం పురుగు ఒకటి తిరుగుతోందని చెప్పింది. అది ఫైళ్ళను చెరపదు. ఉన్నవి ఉన్నచోటే ఉంచి తాళం వేస్తుంది. కోరిన సొమ్ము ముట్టజెప్తేనే తాళంచెవి ఇస్తానంటుంది. తెరమీద ఎర్రటి పెట్టె ఒకటి వస్తుంది, అందులో గడియారం తిరుగుతుంటుంది. ఆ గడియారం ఆగేలోపు ఇవ్వకపోతే ఇక ఆ తాళం దేవుడు కూడా తీయలేడు. “తీగతో తగులుకుని ఉన్న ప్రతిదాన్నీ తింటదే అది. కాపీ తీసి, తీగ పీకి, దూరంగా పెట్టు. గంతకు మించి మందు లేదు,” అంది.

నేను మూడూళ్ళు తిరిగి అందరికీ చెప్పాను. తెలియని మెయిల్ తెరవొద్దు. తెరమీద ఏ వింత కనిపించినా ముందు తీగ పీకండి, తర్వాత నాకు ఫోన్ చేయండి. రోజూ సాయంత్రం ఫైళ్ళన్నీ చిన్న డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని ఊడదీసి, ఒక్క మనిషి ఇంటికి తీసుకుపోవాలి. ఎవరు తీసుకుపోతారో, ఎట్లా తీసుకుపోతారో ఊరంతా చెప్పుకోకూడదు.

మహబూబాబాద్‌లో ఈ మాటలు చెబుతున్నంతసేపూ మేనేజర్ ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, స్టూలు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఆయన డాక్టర్ గారి బామ్మర్ది. నెల్లికుదురు వైపు పెద్ద వ్యవసాయం. బయ్యారం దగ్గర కూడా కొంత చెలక కొని పెట్టుకున్నాడు. అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని, ఆ భూమికి రెక్కలొస్తాయని కనిపించిన వాళ్ళందరికీ చెప్పేవాడు. “నాకు జెప్పుడేంది పిల్లా, గా ఆపరేటర్లకు జెప్పుకో,” అన్నాడు. ఆ కాళ్ళు కిందికి లాగి పడేయాలనిపించింది.

మహబూబాబాద్ డిస్క్‌ను అకౌంటెంట్ గారికి అప్పజెప్పాను. యాభై దాటిన మనిషి, సన్నగా, తెల్ల చొక్కాలో. ఆయన తండ్రి మహబూబాబాద్ పక్కనే ఉన్న డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగి. ఈయన పుట్టిందీ పెరిగిందీ అక్కడి రైల్వే క్వార్టర్లలోనే. కానీ ఇంట్లో తల్లిదండ్రులు మాట్లాడిన కోస్తా మాట నాలుక మీద ఉండిపోయింది. ప్రతి మాట చివరా ‘అండీ’ పలికేది. స్టాఫ్ వెనక నుంచి “టీ తాగారాండీ?” అని సాగదీసేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవారు. ఉద్యమం వేడెక్కిన కొద్దీ ఆ వెక్కిరింతలో నవ్వు తగ్గి ముల్లు పెరిగింది. “ఆంధ్రోడు” అని మొహం మీదే అనడం మొదలైంది.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆ ‘అండీ’ వింటే నాకూ ఒళ్ళు మండేది. హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేస్తున్నప్పుడు అక్కడి సారు నన్ను నిలబెట్టి, ‘గిట్ల’ అని మళ్ళీమళ్ళీ అనిపించి క్లాసంతా నవ్వించాడు. ఆ నవ్వులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఆ కసి ఈయన మీదికి పోయేది. ఈయన చేసిన పాపం ఏమీ లేదని తెలుసుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది.

నేను చెప్పిన పనిని నేను చెప్పినట్టే చేసిన ఒకే ఒక్క మనిషి ఆయన. ఒకరోజు ఆయన టిఫిన్ క్యారియర్‌లో గోంగూర పచ్చడి ఉందని వాసన పట్టి, చనువుగా విప్పబోయాను. పై గిన్నెలో అన్నం, నడిమి గిన్నెలో పచ్చడి. ఆయన మూడో గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, “అడుగు గిన్నె మాత్రం వద్దమ్మా. అందులో మీ డిస్క్ ఉందండీ,” అని నవ్వారు. ప్లాస్టిక్ కవరులో చుట్టి, పైన చేతిరుమాలు కప్పి పెట్టారు. రోజూ అలాగే తెచ్చేవారు, సాయంత్రం కాపీ చేసి అలాగే తీసుకుపోయేవారు. అన్నం తినేశాక కూడా ఆ క్యారియర్‌ను రెండు చేతులతో పట్టుకుని పోతుంటే, ఏం పట్టుకుపోతున్నాడోనని స్టాఫ్ గుసగుసలాడేవాళ్ళు.

ఆ రోజు బంద్. జనగామ దవాఖానలో షట్టర్ సగం దించి కూర్చున్నాను. పొద్దున్నే ఆయన దగ్గర నుంచి ఫోన్.

“అమ్మా, ఫైళ్ళు తెరుచుకోవడం లేదండీ. పేర్లన్నీ అలాగే ఉన్నాయి. లోపల అంతా పిచ్చిరాతలు.”

నేను కుర్చీలోంచి లేచాను. “ఎర్ర పెట్టె కనవడుతున్నదా?”

“లేదండీ. ఇక్కడ ఏ కంప్యూటర్‌లోనూ లేదండీ.”

“అన్ని తీగలు పీకుండ్రి సార్, ఒక్కటి గూడ ఉంచకుండ్రి. డిస్క్ ఏడున్నది?”

“గిన్నెలోనే ఉందమ్మా. ఇంకా పెట్టలేదు.”

“నేనొచ్చేదాక ఎవ్వలకు ఇయ్యకుండ్రి. డాక్టర్ సారు అడిగినా ఇయ్యకుండ్రి. దేనికీ పెట్టకుండ్రి.”

“అలాగేనండీ,” అన్నారు. అంతే. ఎందుకని కూడా అడగలేదు.

ఎందుకో నాకు తెలుసు. ఆ ఎర్ర పెట్టె ముందుగా కాటు తిన్న కంప్యూటర్‌లోనే కనిపిస్తుంది. అది ఏదో తెలిసి, దాన్ని పక్కన పెట్టేదాకా డిస్క్ బయటికి తీస్తే డిస్క్ కూడా పోతుంది. ఇక మిగిలేదేమీ ఉండదు. జనగామ తీగలు నేనే పీకి, భూపాలపల్లికి కూడా ఫోన్ చేసి పీకమన్నాను. పెన్‌డ్రైవ్ పోగొట్టుకున్న ఎక్స్‌రే అతను గోడలోని సాకెట్‌తో సహా పీకేశాడు. నా బండ దెబ్బ బాగానే పనిచేసింది.

డాక్టర్ గారు హైదరాబాదులో ఉన్నారు. సంగతి చెప్పగానే, “గీళ్ళ లీడర్ ఎవడు? ఫోన్ కలుపు, నేను మాట్లాడ్త,” అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఆయన తప్పు కాదు. ప్రతి బంద్‌కూ అదే నడిచేది. గుంపు వస్తుంది, రాళ్ళు పడతాయి, ఎవరో ఒక నాయకుడికి ఫోన్ పోతుంది, రాళ్ళు ఆగుతాయి. మూడు దవాఖానల షట్టర్ల మీదా ‘జై తెలంగాణ’ అని ఎర్ర రంగుతో రాయించి ఉంచారు కూడా. “సార్, గీళ్ళకు లీడర్ లేడు, మొఖం లేదు. మన షట్టర్ మీద ఏం రాసుందో వాళ్ళకు కనవడది,” అని చెప్పి పెట్టేశాను.

బస్సులు లేవు. రైలెక్కాను. కేసముద్రంలో జనం పట్టాల మీద కూర్చుని ఆపేశారు. కిటికీల్లోంచి తలలు బయటపెట్టిన వాళ్ళ మీదికి కంకర రాళ్ళు వచ్చాయి. నా ఎదుటి సీట్లో ముసలావిడ కనుబొమ్మ చిట్లి చీరంతా రక్తమైంది. ఆమెకు నా చున్నీ కట్టి దిగేసరికి ఫోన్ మోగింది. మహబూబాబాద్ దవాఖాన నర్సమ్మ.

“అక్కా, జల్ది రా! అకౌంటు సారును కొడుతున్నరు!”

ఆమె ఏడుస్తూ చెప్పింది ఇదీ. మేనేజర్ వచ్చి డిస్క్ అడిగాడు. అమ్మాయి వచ్చాక ఇస్తానండీ అని ఈయన అన్నారు. మేనేజర్ బెదిరించాడు. ఈయన ఇవ్వలేదు. అప్పుడు మేనేజర్ బయటికి పోయి, రోడ్డు మీద బంద్ చేయిస్తున్న కుర్రాళ్ళకు, “మన దవాఖాన కంప్యూటర్లకు గీ ఆంధ్రోడు తాళమేసిండు, మన పేషెంట్లను సంపుదామని జూస్తున్నడు,” అని చెప్పాడు. వాళ్ళు లోపలికి వచ్చారు.

పట్టాల పక్కన కండువా వేసుకున్న ఒక పెద్దాయన బండి మీద కూర్చుని ఉన్నాడు. “అన్నా, దవాఖాన పని. మానుకోట దాక దింపు,” అన్నాను. “ఇయ్యాల బండ్లు నడువయి,” అన్నాడు. నేను చెయ్యి ముందుకు పెట్టి, చాపలేని మోచెయ్యి చూపించాను. “హన్మకొండల తిన్న దెబ్బ గిది. నీకే రాష్ట్రం కావాల్నా, నాకక్కర లేదా? నడుపు!” అని అరిచాను. కిక్కు కొట్టి నడిపాడు. ఊరి మొదట్లో టైర్ల పొగలోంచి పోతుంటే ఒక రాయి వచ్చి నా వీపుకు తగిలింది. అది మా వాళ్ళదో పోలీసులదో తెలియదు. ఊపిరి ఆగినంత పనైంది. “ఆపొద్దు,” అన్నాను.

అకౌంట్స్ గది తలుపు విరిగి ఒకే మడతబందు మీద వేలాడుతోంది. లోపల నేల మీద ఆయన బోర్లా ముడుచుకుని పడి ఉన్నారు. తెల్ల చొక్కా వీపు మీద చిరిగిపోయింది. ఒకడు కుర్చీ కోడుతో కొడుతున్నాడు, ఇంకొకడు పక్కటెముకల మీద తంతున్నాడు. తగిలిన ప్రతిసారీ ఆయన గొంతులోంచి మూలుగు వస్తోంది, మాట రావడం లేదు. పొట్ట కింద క్యారియర్. రెండు చేతులతో దాన్ని కావలించుకుని, వీపంతా వాళ్ళకు అప్పజెప్పారు.

“గిన్ని దెబ్బలు తింటాండు గని తిండి గిన్నెలు ఇడుస్తలేడు సూడుండ్రి!” అని ఒకడు నవ్వాడు.

ఆ నవ్వు నా క్లాసులో విన్న నవ్వే.

ఆ తర్వాత నేను చేసింది నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. కుర్చీ కోడు నా చేతికి వచ్చింది. ఎవరి మోకాలికో తగిలింది. నా జుట్టు ఎవరి పిడికిట్లోనో ఉంది, వాడి మణికట్టు నా పళ్ళ మధ్య ఉంది. నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి కేకలు పెడుతోంది. మేనేజర్ గడపలోంచి, “గా పిల్ల గూడ వానితోని కలిసింది!” అన్నాడు. అప్పుడు నాకు కనిపించింది. ఆయన చంకలో ల్యాప్‌టాప్ లేదు. అది లేకుండా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు.

చెప్పు తీసి ఆయన చెంప మీద కొట్టాను. జీవితంలో నేను కొట్టిన దెబ్బల్లో అదొక్కటే పూర్తిగా తృప్తినిచ్చింది. ఆ చప్పుడుకు గది ఒక్కసారిగా ఆగిపోయింది. ఎదురుగా ఉన్న ఆయన గదిలోకి పరుగెత్తాను. బీరువా వెనక, తువ్వాలు కప్పి, ల్యాప్‌టాప్. మూత తీశాను. ఎర్రటి పెట్టె. గడియారం తిరుగుతోంది.

దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని వచ్చి ఆ కుర్రాళ్ళకు చూపించాను. “సూడుండ్రి! గీ ఎర్ర పెట్టె ఎవని దాంట్ల ఉంటదో వాడే పురుగును ఇంట్లకు తెచ్చినోడు. గిది ఎవనిదో అడుగుండ్రి!”

వాళ్ళు మేనేజర్ వైపు చూశారు. ఆయన చెంప పట్టుకుని నేల చూపులు చూశాడు. తర్వాత బయటపడింది, రాత్రి ఆయనకు ఇంగ్లీషులో ఒక మెయిల్ వచ్చింది. జతచేసిన పత్రం చూడండి అని తప్ప అందులో మరో సంగతి లేదు. మేనేజర్‌కు మాత్రం అది బయ్యారం ఉక్కు కంపెనీ వాళ్ళు తన చెలక కోసం రాసిన ఉత్తరంలా కనిపించింది. తెరిచాడు. పొద్దున ఎర్ర పెట్టె చూసి బెదిరిపోయాడు. డిస్క్ దొరికితే గుట్టుగా సర్దేద్దామనుకున్నాడు. దాన్ని ఆ ల్యాప్‌టాప్‌కే పెట్టేవాడు. క్షణాల్లో అన్నీ పోయేవి.

కుర్రాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. ఒక్కడు మాత్రం గుమ్మం దగ్గర ఆగి, “మాకెట్ల ఎరుక అక్కా, అన్ననే జెప్పిండు,” అన్నాడు. ఆ ముక్క చెప్పడానికైనా ఆగాడు.

నేను అకౌంటెంట్ గారి పక్కన కూర్చున్నాను. “సార్, నేనొచ్చిన. ఇయ్యుండ్రి,” అన్నాను. చేతులు విడదీయడానికి ఆయనకు కాసేపు పట్టింది. కుడిచేతి వేళ్ళు రెండు వాచి పక్కకు తిరిగిపోయాయి. పై గిన్నె నొక్కుకుపోయి అన్నం బయటికి వచ్చింది. అడుగు గిన్నె మూత నేనే తీశాను. చేతిరుమాలు, ప్లాస్టిక్ కవరు, డిస్క్. గీత కూడా పడలేదు.

“మీరు చెప్పినట్టే ఎవ్వరికీ ఇవ్వలేదండీ,” అన్నారు. ముందు పన్ను ఊడిపోయి ఆ మాట గాలితో కలిసి వచ్చింది. నేను ఆ గది నేల మీద పడి బావురుమన్నాను.

పొద్దు గూకేలోపు కొత్తగా శుభ్రం చేసిన కంప్యూటర్‌లోకి అన్నీ ఎక్కించాను. నిన్న సాయంత్రం దాకా ఉన్న ప్రతి పేరూ, ప్రతి మందూ, ప్రతి రక్తం గుంపూ తిరిగి వచ్చింది. పై అంతస్తులో అదే దవాఖాన మంచం మీద ఆయన వేళ్ళకు కట్టు కడుతున్నారు. డాక్టర్ గారు ఫోన్‌లో, “షాబాష్ బిడ్డా, దవాఖానను కాపాడినవ్,” అన్నారు. నేను కాదు సార్ అన్నాను. మరి మీ బామ్మర్ది సంగతేంటని అడిగాను. “ఇంటి మనిషి గదా, జర సమజ్ చేస్కో,” అన్నారు. సమజ్ చేసుకున్నాను. ఉద్యోగం వదిలేశాను.

రాష్ట్రం వచ్చిన రోజున జనగామ చౌరస్తాలో ఒళ్ళంతా గులాలు పూసుకుని గంతులేశాను. మోచెయ్యి నొప్పి కూడా తెలియలేదు. అంత సంతోషం మళ్ళీ పడలేదు నేను. ఆ వేడి చల్లారకముందే మిఠాయి పొట్లం పట్టుకుని రైలెక్కి డోర్నకల్ పోయాను. అకౌంటెంట్ గారు ఉద్యోగం మానేసి అక్కడ అద్దె ఇంట్లో ఉంటున్నారని తెలిసింది.

తలుపు బార్లా తీసి ఉంది. వాకిట్లో పిల్లలు పటాసులు కాలుస్తున్నారు. నన్ను చూసి ఆయన లేచి ఎదురొచ్చారు. కుడిచేతి వేళ్ళు రెండూ అట్లాగే వంకరగా నిలిచిపోయాయి.

“రా బిడ్డా, మంచిగున్నవా? గిట్ల కూసో. చాయ్ తాగుతవా?” అన్నారు.

నేను కూర్చున్నాను. వీధిలో ఎవరో పలకరిస్తే, “ఆఁ, వస్తనే. జర ఆగు,” అని కేకేశారు. ప్రతి మాటా నేర్చుకుని, ఒప్పజెప్పినట్టు పలుకుతున్నారు. ఒక్క ‘అండీ’ లేదు. ఆయన భార్య వంటింటి గడపలో తల వంచుకుని నిలబడింది. నా మాట ఇంకొకరి నోట విని నాకు అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

“సార్, నాతోని మీ తీరుగనే మాట్లాడుండ్రి,” అన్నాను.

ఆయన నా వైపు చూశారు. తర్వాత వీధి వైపు చూశారు. వెళ్ళి తలుపు మూశారు. గడియ పెట్టారు. కిటికీ రెక్క కూడా దగ్గరికి లాగి, వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

“చెప్పండమ్మా,” అన్నారు గొంతు తగ్గించి. “ఎలా ఉన్నారండీ?”